సూదిమందూ, అవతలి కొండ కూతా

మా అమ్మ ప్రాణం నిలిచిందీ, చెవులు పోయిందీ ఒక్క ఎండాకాలంలోనే. రెండూ ఒకే మందు చేసిన పనులు. వేలెడంత గాజు సీసాలో తెల్లటి పొడి ఉండేది, పైన రబ్బరు మూత. కాంపౌండరు ఆ మూతలోంచి సూదితో నీళ్ళు ఎక్కించి, పొడి కరిగేదాకా సీసాని రెండు అరచేతుల మధ్యా కవ్వంలా తిప్పి, మళ్ళీ సూదిలోకి లాగేవాడు. దాని పేరు స్ట్రెప్టోమైసిన్ అని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. మా ఊళ్ళో దాన్ని దగ్గు సూది అనేవారు. క్షయ అన్న మాట ఎవరూ పైకి అనేవారు కాదు. అంటే అది గుమ్మంలోకి వస్తుందని భయం.

తొంభైల మొదట్లో మాట. అరకు లోయకి పైన, జీపు ఆగేచోటు నించి ఇంకా కాలిబాటన ఎక్కితే మా ఊరు. నేను ఆశ్రమ పాఠశాలలో చదువుకుంటూ సెలవులకి ఇంటికొచ్చేదాన్ని. ఇంట్లో మాది ఆదివాసీ ఒడియా. తల్లిని ఆయ, తండ్రిని అబ్బ అంటాం. తెలుగులో రాస్తున్నాను గనక అమ్మ అంటున్నాను గానీ, ఆ మాట పెట్టినప్పుడల్లా ఎవరో పక్కింటావిడ సంగతి చెబుతున్నట్టే ఉంటుంది నాకు. ఆమె మాటల్ని కూడా మా సంతలో వినబడే తెలుగులోకే దింపుతున్నాను. అంతకంటే దగ్గరి తెలుగు నాకు తెలీదు.

నాన్న అంతకు ముందు చలికాలంలో పోయాడు. ఆయనదీ దగ్గే. కోళ్ళు కోశాం, మొక్కులు మొక్కాం. ఆసుపత్రి మాట గుర్తొచ్చేసరికి ఆయన లేచి కూర్చునే స్థితిలో లేడు.

ఆయన కూత గురించి ఇక్కడే చెప్పాలి. మా పోడు చేను ఇంటికి ఎదురుగా, గెడ్డకి, అంటే వాగుకి, అవతలి కొండ మీద ఉండేది. అక్కడి నించి ఇక్కడికి మాట అందదు, కూత అందుతుంది. కూతంటే అరుపు కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సన్నగా, పొడుగ్గా తీసే గొంతు. ఏ ఇంటి కూత ఆ ఇంటిదే. నాన్నది కింద మొదలై పైకి పాకి, అక్కడే సన్నటి తీగలా చాలాసేపు నిలబడేది. అది వినబడగానే అమ్మ చేతిలో పని ఆపి తల ఒక పక్కకి వంచేది. అంబలి తెమ్మంటున్నాడో, చేలో పశువులు పడ్డాయంటున్నాడో ఆ నిలబడే తీరులోనే ఆమెకి తెలిసిపోయేది. ఈమధ్య టూరిస్టులు కొండ అంచున నిలబడి లోయలోకి ఊరికే అరుస్తుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరైనా పలికితే ఏం చేస్తారో వాళ్ళకి తెలీదు.

నాన్న పోయిన కొన్నాళ్ళకి అమ్మ దగ్గులో నెత్తురు కనబడింది. నాన్నకి అక్క, మా మేనత్త, మా వీధిలోనే ఉండేది. గయ్యాళి మనిషి. ఆవిడతో తగువంటే ఊరి పెద్దలు కూడా పక్క వీధిలోంచి పోయేవారు. ఆ గయ్యాళితనమే మమ్మల్ని కాచింది. కోడిని కోద్దామన్నవాళ్ళని తిట్టి పంపేసి, "ఒకడ్ని మింగినాది సాలు" అని అమ్మని రెక్క పట్టుకుని మండలం ఆసుపత్రికి నడిపించింది. కళ్ళె పరీక్ష చేసి, మాత్రలూ సూదీ రాశారు. సూది కోసం రోజూ కొండ దిగాలి.

అమ్మకి తెలుగు అంతంతమాత్రం. సంతలో బేరానికి సరిపోయేది, ఆసుపత్రికి చాలేది కాదు. అత్తకి అదీ లేదు. వేసవి సెలవులు గనక నేను తోడు వెళ్ళేదాన్ని. వాళ్ళ తెలుగుని మా ఒడియాలోకి, అమ్మ ఒడియాని తెలుగులోకి మార్చడం నా పని. ఆ పని నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. జడలు బిగించి వేసుకుని, బడి గౌను తొడుక్కుని, ఆసుపత్రి వరండాలో అమ్మ కంటే ముందు నడిచేదాన్ని.

మందు పనిచేసింది. ఈ మాట ముందే చెప్పాలి, తర్వాత చెప్పేదంతా వింటే మందు పాడుదనిపిస్తుంది. సాయంత్రం వచ్చే జ్వరం ఆగింది. నెత్తురు ఆగింది. ఎముకలు తేలిన భుజాల మీద కాస్త కండ పట్టింది. ఒక రోజు దిగువ గెడ్డ దగ్గర కూర్చుని, తెచ్చుకున్న చోడంబలి అంతా తనే తాగేసి, నాకేం మిగల్చలేదని గుర్తొచ్చి నవ్వింది. సూది వేసిన కాసేపటికి ఆమెకి మూతి చుట్టూ తిమ్మిరెక్కేది. "గుంటా, నా మూతి ఉన్నాదా, ఊడిపోయినాదా?" అనడిగేది. ఊడిపోయిందని నేననేదాన్ని. అలా నవ్వుకుంటూ కొండెక్కిన దారి అది.

కాంపౌండరు మైదానం మనిషి, బొంగురు గొంతు. మంచివాడు. సూది పొడిచే ముందు అడగాల్సినవన్నీ అడిగేవాడు. కళ్ళు తిరుగుతున్నాయా, వాంతి వస్తోందా, ఒంటి మీద దద్దురేమైనా లేచిందా. ఆఖర్న ఎప్పుడూ ఒకటే: "చెవుల్లో ఏమైనా మోగుతోందేమో అడుగు."

నేను అమ్మ వైపు తిరిగి అడిగేదాన్ని. "సెవుల్లో ఏటైనా మోగతందా?"

"లేదను" అనేది అమ్మ.

లేదంటోందని నేను చెప్పేదాన్ని. ఆయన సూది వేసేవాడు. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున, అదే ప్రశ్న అడిగితే అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. నా మొహంలోకి చూసింది. నా నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోసింది. అప్పుడు "లేదను" అంది. ఆసుపత్రిలో అందరి ముందూ ముద్దు చేస్తోందని నాకు సిగ్గేసింది. ఆ చూపు ఈనాటికీ నన్ను వదల్లేదు. వంట చేస్తున్నప్పుడు, పిల్లల పుస్తకాలు దిద్దుతున్నప్పుడు, ఉన్నట్టుండి ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

ఆ తర్వాతే మార్పు కనబడ్డం మొదలైంది. నేను వెనక నించి పిలిస్తే అమ్మ తిరిగేది కాదు. కాంపౌండరు బొంగురు గొంతుకి తలూపేది, నా గొంతుకి ఊపేది కాదు. నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాను. ఏం తప్పు చేశానో వెతుక్కుని, గిన్నెలు అడక్కుండానే తోమాను, కట్టెలు తెచ్చాను. అయినా పలికేది కాదు. పెరట్లో కోడిపిల్లలు కాళ్ళకి అడ్డంపడి కీచుమంటుంటే వాటి మీదే అడుగు వెయ్యబోయేది. సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయట. పిట్టలు, కోడిపిల్లలు, చిన్నపిల్లల గొంతులు. ఉరుమూ మగవాళ్ళ గొంతూ ఆఖర్న పోతాయట. అది నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ఆ వేసవిలో మాత్రం, అమ్మకి నేనంటే ఇష్టం పోయిందనే అనుకున్నాను. ఒంటరిగా పనస చెట్టు వెనక కూర్చుని ఏడ్చాను కూడా.

దారిలో తూలడం కూడా అప్పుడే మొదలైంది. చదునుగా ఉన్నచోట కూడా అమ్మ ఒక పక్కకి ఒరిగిపోయేది, ఎవరో కొంగు పట్టి లాగుతున్నట్టు. పట్టపగలే నా భుజం గట్టిగా పట్టుకుని నడిచేది. ఊళ్ళో చూసినవాళ్ళు మొదట తాగిందనుకున్నారు. తర్వాత తాగలేదని తెలిసి, ఇంకా భయపడ్డారు. "పోయినోడు సెయ్యట్టుకుని లాగతన్నాడు" అన్నారు. ఆ మాట అమ్మకి వినబడలేదు. నాకు వినబడింది.

అన్నిటికంటే నన్ను హడలగొట్టింది మధ్యాహ్నాలు. ఎండకి ఊరంతా సద్దుమణిగి, కుక్కలు కూడా చూరు కింద పడుకునే వేళ. అమ్మ చింతపండు గింజలు తీస్తూ తీస్తూ ఠక్కున చెయ్యి ఆపేది. తల ఒక పక్కకి వంచేది. గెడ్డకి అవతలి కొండ వైపు అలా చూస్తూ ఉండిపోయేది. ఆ వంపు నాకు తెలుసు. నేనూ చెవులు రిక్కించి వినేదాన్ని. నాకేమీ వినబడేది కాదు. ఏమీ వినబడకపోవడం అంత భయంగా ఉంటుందని నాకు అంతకు ముందు తెలీదు.

బడి తెరిచే వేళకి సూదులు అయిపోయాయి. డాక్టరు అమ్మ గుండె మీద గొట్టం పెట్టి విని, తృప్తిగా తలూపాడు. తర్వాత ఏదో అడిగాడు, అమ్మ పలకలేదు. వెనక చప్పట్లు కొట్టాడు, పలకలేదు. ఆయన మొహం మారిపోయింది. "మందు చెవి నరం మీద పనిచేసింది. కొందరికి ఇలా అవుతుంది. ముందు మోత వస్తుంది, ఆ మోత రాగానే చెబితే సూది ఆపి వేరే మందిచ్చేవాళ్ళం. అప్పుడే ఎందుకు చెప్పలేదో అడుగు" అన్నాడు. నేను అమ్మ వైపు తిరిగి అడిగాను. గట్టిగా అడిగాను. ఇంకా గట్టిగా, వరండాలో అందరూ మా వైపు చూసేలా అరిచాను. అమ్మ నా నోటి వైపు చూస్తూ నిలబడింది. ఎదుటివాళ్ళ పెదాలు చదవడం ఆమె మొదలుపెట్టింది ఆ నిమిషంలోనే అనుకుంటాను.

సంగతి చెప్పింది అత్త. ఆ సాయంత్రమే, పొయ్యి దగ్గర, అమ్మ మా పక్కనే కూర్చుని ఉండగా. చెవిటిదాని ముందు ఏం మాట్లాడినా పర్లేదని అంత తొందరగా అలవాటైపోయింది మాకు.

"నీ తల్లి కూత విన్నాది" అంది అత్త.

నాకు అర్థం కాలేదు.

"మా తమ్ముడి కూత. నాను సూస్తన్నాను కదా, మెడ అలా వంచడం. పోయినోలు పిలిస్తే పలకకూడదు, నీకు తెలుసు కదా. ఇంకోటున్నాది, పిల్లలకి సెప్పం. ఆ పిలుపు విన్న మనిషి, ఎవరికి ముందు సెప్తే ఆల సెవిలోకి పోతాది. సెప్పినోలు బతికిపోతారు, విన్నోలు పోతారు. అందుకే ఎవులూ సెప్పరు. ముసలోలకి సెప్పుకుంటారు, ఒప్పుకునే ముసలోలుంటే." అత్త పొయ్యిలో కట్టె లోపలికి తోసింది. "ఆ ఆసుపత్రోడు అడిగినాడు గదా. అడిగినోడు ఆడే గానీ, సెప్పాల్సింది నీకు."

అత్త అన్నది అక్షరాలా నిజం. కాంపౌండరు అడిగింది నా నోటితో. అమ్మ చెప్పాలంటే నా చెవిలోనే చెప్పాలి. ఇంకెవరైనా తోడు వెళ్ళి ఉంటే, మాట మార్చడానికి ముక్కూ మొహం తెలియని వార్డుబాయి ఉండి ఉంటే, చెప్పేసేదేమో. అక్కడున్నది నేను. నా నుదుటి మీది వెంట్రుకలు సర్ది, ఆమె ఏం చెయ్యదలుచుకుందో అది చేసింది. ఆ రోజు నించి ఆ కూతని ఆమె ఒక్కతే వింటూ వచ్చింది. ఊరి చప్పుళ్ళన్నీ పోయాయి, అదొక్కటే మిగిలింది.

చెవులు పోయాక అమ్మ నోరు పెద్దదైంది. తన గొంతు తనకే వినబడక ఇంట్లో మాట వీధి చివరికి పోయేలా మాట్లాడేది. గుట్టుగా చెప్పాలనుకున్నవన్నీ ఊరంతా వినేది. ఎవరి కోడలు ఎలాంటిదో, ఎవరి మేక ఎవరి చేలో పడిందో, అన్నీ. అత్తే భయపడి మా వీధిలో నెమ్మదిగా నడవడం మొదలుపెట్టింది. అమ్మ నా పెదాలు చదివి నేను నసిగేవి కూడా పట్టేసేది. చదువు పేరు చెప్పి పనులు ఎగ్గొట్టడం ఇక కుదరలేదు. నవ్వుకునే రోజులు చాలానే ఉన్నాయి. అయితే ఎంత నవ్వినా మధ్యాహ్నం వేళ ఆ మెడ అలా వంగేది. అవతలి కొండ వైపు చూసేది. పెదాలు బిగబట్టుకునేది. ఆ ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆమె ఆ పిలుపుకి పలకలేదు. అది నేను ఒట్టేసి చెప్పగలను, ఎందుకంటే ఇంట్లో ఉన్న ప్రతిసారీ నేను కాపలా కాశాను.

నేను టీచర్నయ్యాను. రెండువేల సంవత్సరం దాటాక, మా కొండల్లోనే ఒక ఆశ్రమ పాఠశాలలో పోస్టింగు. అమ్మని నా క్వార్టర్సుకి తెచ్చుకున్నాను. అత్త అప్పటికి లేదు. స్టాఫు రూములో ఒకాయన ఏ పిల్లాడికి పాఠం ఎక్కకపోయినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందనేవాడు. ఒకసారి నేను తగువేసుకున్నాను. చెవిటివాళ్ళకి ఏమీ వినబడదని మీకెవరు చెప్పారని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, ఆ తర్వాత నా ముందు ఆ సామెత మానేశాడు.

ఆ దగ్గు నాకూ వచ్చింది. మొదటిసారి మాత్రలతో తగ్గింది. చెప్పినన్నాళ్ళూ వేసుకున్నాను, ఒంటికి బాగైంది. మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి మాత్రలతో పాటు సూది కూడా అన్నారు. ఏ సూది అని అడగలేదు. నర్సు ట్రేలో ఆ చిన్న సీసా, రబ్బరు మూత చూడగానే తెలిసిపోయింది. చెవులున్న టీచరుకి బళ్ళో ఎన్ని పనులున్నాయో అప్పుడు లెక్కకొచ్చింది. వెనక బెంచీలో గుసగుసలు పట్టుకోవాలి, పద్యం అప్పచెబుతుంటే అక్షరం పోయినచోట ఆపాలి, రాత్రి హాస్టల్లో చిన్న పిల్ల ఏడిస్తే లేవాలి. నా బతుకంతా వినడమే. అది పోతే నేను ఇంకే పనికీ పనికిరానని భయం వేసింది.

అప్పటికి ఆసుపత్రిలో చెప్పే తీరు మారింది. నర్సు చదువుకున్న పిల్ల, విజయనగరం వైపుది, కొత్తగా పెళ్ళైంది. మందు గురించి దాచకుండా అన్నీ చెప్పింది. "మేడమ్, చెవుల్లో రొద వచ్చినా, తల తిరిగినా వెంటనే చెప్పండి. ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. ముందు చెబితే మార్చేస్తారు. మీకు తెలియందేముంది" అంది. తెలుసన్నాను. నాకు తెలిసినంత ఆ ఆసుపత్రిలో ఎవరికీ తెలీదనుకున్నాను కూడా.

వచ్చింది. మధ్యాహ్నం క్లాసులో వచ్చింది. పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్నారు. కిటికీ వైపు నించి సన్నగా, తీగలా ఒక చప్పుడు మొదలైంది. పైకి పాకింది, అక్కడే నిలబడిపోయింది. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి కొండ వైపు చూశాను. చూశాక గానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. నా మెడ వంగి ఉంది.

అది మందు. నాకు తెలుసు. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయనీ, ఈ మందు వాటిని చంపుతుందనీ, చచ్చిపోయేవి అలా అరుస్తాయనీ చదువుకున్నాను. అదే సమయంలో అది నాన్న. ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ నిలబడుతుందో, చిన్నప్పుడు విన్నదే. ఈ రెండూ ఒక్క బుర్రలో ఎలా పడతాయని అడిగితే నేను చెప్పలేను. పట్టాయి.

మర్నాటి సూదికి వెళ్ళాను. నర్సు సీసా తిప్పుతూ అడిగింది. "చెవుల్లో ఏమైనా రొదలాంటిది ఉందా మేడమ్?"

ఆ పిల్లకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఒక చెయ్యి నడుం మీద ఆనించుకుని నిలబడి ఉంది. నా నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. నేను డిగ్రీ చదివినదాన్ని. పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని. అయినా ఆ మాట తీసుకెళ్ళి ఆ కడుపుతో ఉన్న పిల్ల చెవిలో వెయ్యడానికి నాకు ప్రాణం ఒప్పలేదు.

"లేదమ్మా" అన్నాను.

సూది వేయించుకుని ఇంటికొచ్చాను. దారిలో నన్ను నేను తిట్టుకున్నాను. డాక్టరుకి చెబుదామనుకున్నాను, ఆయన కూతురు మా బళ్ళోనే మొదటి తరగతి. హెడ్మాస్టరుకి చెబుదామనుకున్నాను, ఆయన గుండె జబ్బు మనిషి. ఎవరి మొహం తలుచుకున్నా ఆ మొహం వెనక ఎవరో ఒకరు నిలబడుతున్నారు. అడుసు తొక్కనేల అంటారు గానీ, తొక్కకుండా ఆ గట్టు చేరే దారి నాకు కనబడలేదు. ఆ తర్వాతి సూదికీ లేదనే చెప్పాను.

అమ్మ కనిపెట్టేసింది. ఆదివారం, క్వార్టర్సు ముందు తాటాకు చాప మీద మిరియాలు ఆరబోసి, ఇద్దరం పుల్లలు ఏరుతున్నాం. ఎండ బాగా కాస్తోంది. నా చెయ్యి ఎప్పుడు ఆగిందో, తల ఎప్పుడు వంగిందో నాకు తెలీదు. తేరుకుని చూసేసరికి అమ్మ నన్నే చూస్తోంది. ఇన్నేళ్ళు నేను ఆమెని చూసినట్టే.

చాప మీదుగా, మిరియాలు చెదిరిపోతున్నా లెక్కచెయ్యకుండా, మోకాళ్ళ మీద నా దగ్గరికి వచ్చింది. నా గడ్డం పట్టుకుంది.

"ఎవులికైనా సెప్పినావా?"

లేదని తలూపాను.

"నాకు సెప్పు. ముందు నాకు."

నేను వెనక్కి జరిగాను. వద్దన్నాను. అది మందు వల్ల వచ్చే చప్పుడనీ, నీకు అప్పుడు వచ్చింది కూడా మందు వల్లేననీ, పిలుపు కాదనీ పెదాలు విప్పి విప్పి చెప్పాను. అమ్మ అంతా చదివింది. చదివి, "మందైతే సెప్పడానికి ఏటి భయం?" అంది. వీధంతా వినబడేలా అంది.

అప్పుడు తన చెవిని తెచ్చి నా నోటికి ఆనించింది. పెదాలు చూసి చదవడం చాలదట. చెవిన పడాలట, కట్టుబాటు అంతే. ఆ చెవిలో నేను పదేళ్ళ పైబడి ఒక్క మాట కూడా వెయ్యలేదు. తమ్మె పట్టుకుని, నెరిసిన వెంట్రుకలు తప్పించి, మా ఒడియాలోనే చెప్పాను. అవతలి నించి కూత వినబడుతోందన్నాను. అబ్బ కూతలాగే ఉందన్నాను. నా ఊపిరి తగిలి ఆమె ఒళ్ళు జలదరించింది. చెప్పడం అయిపోయినా ఆమె తల తియ్యలేదు. నేను ఏడుస్తున్నాను. నాకు ఆమె మీద అంత ప్రేమ, అంత కోపం ఎప్పుడూ రాలేదు.

"వచ్చీసినాది" అంది కాసేపటికి. నా కళ్ళు కొంగుతో తుడిచి, చెదిరిన మిరియాలు మళ్ళీ చాప మధ్యకి తోస్తూ, "ఇంక బేగెళ్ళి ఆ నర్సమ్మకి సెప్పు. దానికేటీ కాదు" అంది.

మర్నాడు బడి మొదలవకముందే వెళ్ళి చెప్పాను. నర్సు కంగారుపడి డాక్టర్ని పిలుచుకొచ్చింది. సూది ఆపేశారు. విశాఖపట్నం పంపి చెవులు పరీక్ష చేయించారు. బాగా సన్నటి చప్పుళ్ళు కొన్ని పోయాయన్నారు, మాటకి ఇబ్బంది లేదన్నారు. మందు మార్చారు, దగ్గు పూర్తిగా తగ్గింది. నర్సుకి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. చెవిలో మోత రోజురోజుకీ సన్నబడి, ఒక వారం ఎప్పుడో లేకుండా పోయింది. మందు ఆపితే కొందరికి అలా పోతుందని డాక్టరు చెప్పాడు. నేనూ పిల్లలకి అలాగే చెబుతాను.

పోయిందని అమ్మకి చెప్పినప్పుడు ఆమె ఆశ్చర్యపోలేదు. "అవును మరి" అంది. ఆ తర్వాత నించి ఆమెకి నిద్ర తగ్గిపోయింది. ఇదివరకు మధ్యాహ్నం ఒక్కసారి వంగే మెడ ఇప్పుడు ఎప్పుడు పడితే అప్పుడు వంగేది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. వయసు మీద పడుతోందని డాక్టరన్నాడు. అయ్యుంటుంది.

కాఫీ పళ్ళు కోసే రోజుల్లో ఒక పట్టపగలు, బడి మధ్యలో పుస్తకం మర్చిపోయానని ఇంటికొచ్చాను. అమ్మ పెరట్లో కొండ వైపు తిరిగి నిలబడి ఉంది. నా అడుగులు ఆమెకి వినబడలేదు. ఆమె పెదాలు నాకు కనబడలేదు, వెనక నించి వచ్చాను గనక. ఆమె మాట్లాడుతోంది. ఇన్నేళ్ళుగా ఎన్నడూ పలకని మనిషి. అందరితో మాట్లాడే పెద్ద గొంతు కాదది. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడే గొంతు.

"గుంటని ఒగ్గీ. దానికి బడున్నాది, పిల్లలున్నారు. నానొత్తానని సెప్పినాను గదా. దాన్ని మళ్ళీ పిలవకు."

చెవులు బాగయ్యాయి కదా, ప్రతి మాటా విన్నాను.